నాలుగో గాటు

రెండో మడి గట్టు మీద ఒక మోకాలు ఆనించి, ఇసుకాయన గాట్ల కర్రను నీళ్లలోకి నిదానంగా దింపి, పైకి తీసి, తడి ఎంతవరకు అంటిందో బొటనవేలితో చూసుకున్నాడు. నిన్నటికీ ఇవాళ్టికీ గోరంత తేడా. "బాగానే ఉన్నావు," అని మడికే చెప్పి లేచాడు. లేస్తూ ఎడమ చేతిని ఒకసారి విదిలించుకున్నాడు. నాలుగు రోజులుగా ఆ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. పొద్దున్నే చన్నీళ్లలో పెట్టే చెయ్యి తిమ్మిరెక్కక ఏం చేస్తుందని దాని మానాన దాన్ని వదిలేశాడు.

పట్టణానికి మంచినీళ్లిచ్చే ఆ ఆవరణలో ఇసుక మడులు నాలుగున్నాయి. ఒక్కొక్కదాంట్లో పది ఇళ్లు కట్టుకోవచ్చు. నది నుంచి వచ్చిన నీరు మడిలో నడుము లోతున నిలబడుతుంది. ఇసుకలోంచి మెల్లగా దిగి, అడుగున కంకర చేరి, గొట్టాల్లోంచి తేటగా బయటికొస్తుంది. చూసేవాళ్లు ఇసుక వడగడుతోందనుకుంటారు. అసలు పని చేసేది ఇసుక మీద పట్టిన ఆకుపచ్చటి జిగురు పొర. కంటికి ఆనని జీవాలు కోట్లకొద్దీ అందులో కాపురం పెట్టి నీళ్లలోని రోగాన్ని తినేస్తుంటాయి. పొర మరీ మందమెక్కి నీళ్లు దిగనివ్వనప్పుడు ఆ మడి నీళ్లు తీసేసి, పైపైన గీకెయ్యాలి. మళ్లీ కొత్త పొర పట్టడానికి రెండు మూడు వారాలు. అందుకే గీకేది ఒకసారికి ఒక్క మడినే. అది కోలుకునేదాకా మిగిలిన మూడూ పట్టణాన్ని మోస్తాయి.

ఈ మడుల్ని ముప్పై ఆరేళ్లుగా ఆయనే చూసుకుంటున్నాడు. ఆయనకూ ఒక పేరుంది. జీతం కాగితంలో తప్ప దాని అవసరం ఎవరికీ పడలేదు. అందరి నోటా ఆయన ఇసుకాయనే. సన్నటి మనిషి. పాదాలు ఏళ్ల తరబడి నీళ్లలో నానీ నానీ ముడతలుపడి, ఒంటికంటే పదేళ్లు పెద్దవిగా కనిపించేవి. కుడికన్ను ఎప్పుడూ కొంచెం చికిలించి ఉండేది. అది గాజు గ్లాసు నేర్పిన అలవాటు.

ఆ గ్లాసు గట్టు చివరి గదిలో ఉంటుంది. వడగట్టిన నీళ్లు చేరే తొట్టి కూడా అక్కడే. రోజూ లాగే గ్లాసు ముంచి, కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, కన్ను చికిలించి చూశాడు. అవతల కిటికీ ఊచలు గీత గీసినట్టు కనిపించాయి. తాగేశాడు. పట్టణం నిద్రలేచేలోపు దాని నీళ్లు మొదట తాగేది తనే అన్న సంగతి ఆయనకి ఇన్నేళ్లయినా సరదాగానే ఉండేది.

గ్లాసు బోర్లించి బయటికొచ్చేసరికి గేటు దగ్గర లారీ ఆగింది. పారలు పట్టుకుని ఇరవై నాలుగు మంది దిగారు. ఇవాళ మూడో మడిని గీకాలి. నిన్న సాయంత్రమే దాని నీళ్లు వదిలేశాడు. దానికి ఆరుగురు చాలు.

"ఇంతమందినేసుకొచ్చావేంటి మేస్త్రీ, పెళ్లికా?"

"నన్నడుగుతావేంటి పెద్దాయనా? మడికి ఆరుగురు, నాలుగు మడులకి ఇరవై నాలుగు. లెక్క సరిపోయిందా లేదా? కొత్త ఇంజనీరమ్మ రాత్రి ఫోన్ చేసి మరీ చెప్పింది. సాయంత్రానికల్లా నాలుగూ అద్దాల్లా ఉండాలంట."

ఇసుకాయన కర్రను నేలకు ఆనించి నిలబడ్డాడు. "పారలు కింద పెట్టించు. ఎవరూ గట్టెక్కొద్దు. నేను వచ్చి చెప్పేదాకా టీలు తాగండి."

"టీలు నువ్వు పోయిస్తావా?"

"నీ మొహం. నీళ్లు పోయిస్తా. ఊళ్లో ఇంత మంచి నీళ్లు ఇంకెక్కడా దొరకవు."

ఇంజనీరమ్మ వచ్చి మూడు వారాలైంది. ముప్పై ఏళ్లుంటాయి. అంతకుముందు పెద్ద యంత్రాలున్న చోట పనిచేసింది. చురుకైన పిల్ల, అరవదు, అడిగినదానికి జవాబు వినిపించుకుంటుంది. ఈ మూడు వారాల్లో ఇసుకాయన ఆమెలో కనిపెట్టినవి ఇవే. ఇవి చాలనుకున్నాడు.

ఆమె తన గదిలో కాగితాలు సర్దుతోంది. "రండి బాబాయ్‌గారూ. రేపు పెద్దాఫీసు నుంచి తనిఖీ. మిగతా మూడు మడుల నీళ్లు కూడా వదిలెయ్యండి. ఆ పాచి చూస్తే వాళ్లు మనల్ని బతకనివ్వరు."

"ఆ పాచి లేకపోతే ఊరు బతకదమ్మా."

ఆమె తలెత్తింది. "నేను పనిచేసిన చోట అన్ని ఫిల్టర్లూ రోజూ కడిగేవాళ్లం."

"అక్కడ మందు కలిపి మురికిని ముద్దకట్టిస్తారు. ఇసుక దాన్ని పట్టుకుంటుంది, అంతే. కడిగితే పోయేదేం లేదు. ఇక్కడ మందు లేదు. ఆ పొరే మందు. నాలుగూ ఒకేసారి గీకితే రేపట్నుంచి మూడు వారాలపాటు ఊరికి నది నీళ్లే పోతాయి, కాస్త ఇసుక తగిలించుకుని."

"చివర్లో క్లోరిన్ కలుపుతున్నాంగా?"

"కలుపుతాం. మడ్డినీళ్లలో క్లోరిన్ సగం మడ్డికే సరిపోతుంది."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. కోపం రాలేదు గాని, నమ్మకమూ కుదరలేదు. "బాబాయ్‌గారూ, మీ అనుభవం కాదనను. ఒకేసారి గీకితే జబ్బులొస్తాయని మనకి రికార్డు ఏమైనా ఉందా? పైవాళ్లకి నేను చూపించడానికి?"

ఇసుకాయన బీరువా వైపు చూశాడు. ఉంది. ఎక్కడుందో ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు. దాన్ని చూపిస్తే తనను తాను చూపించుకున్నట్టే. పదవీ విరమణకు ఇంకా రెండు నెలలే. ఇన్నేళ్లలో ఒక్క మచ్చ లేని మనిషని, కొత్తగా వచ్చిన ప్రతి అధికారికీ ఆయన్ను ఆ మాటతోనే పరిచయం చేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మడుల వైపు చూసేవాడు.

బీరువా అడుగు అరలోంచి ఒక పాత రిజిస్టరు తీసి, పేజీ వెతుక్కోకుండా తెరిచి, ఆమె ముందు పెట్టాడు.

ఆమె చదివింది. "'భారీ వర్షాల వల్ల నీరు మడ్డిగా వచ్చినది. పట్టణమున విరేచనములు ప్రబలినవి.' ముప్పై నాలుగేళ్ల కిందటిది. ఇది వానల వల్ల కదా?" అంటూ వేలు పక్క గడిలోకి జరిపింది. రోజూ ఎంత వాన పడిందో రాసే గడి అది. వేలు కిందికి దిగుతూ ఆగింది. మళ్లీ పైకి వెళ్లింది. "ఇక్కడ ఆ వారమంతా సున్నాలున్నాయేంటి?"

"ముప్పై నాలుగేళ్లలో అది చూసిన మొదటి మనిషివి నువ్వేనమ్మా," అన్నాడు. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి నోట 'నువ్వు' వచ్చింది. "రెండు గళ్లూ నా చేత్తో రాసినవే. ఆ గడిలో అబద్ధం రాశా, ఈ గడిలో నిజం దిద్దడం మర్చిపోయా."

నిలబడే చెప్పాడు. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. పెద్ద పనివాడు సెలవులో ఉన్నాడు. తనిఖీకి ఎవరో వస్తున్నారన్నారు. మెప్పు కొట్టేద్దామని రెండు రోజుల్లో మూడు మడులు గీకించాడు. ఇసుక బంగారంలా మెరిసింది. వచ్చినాయన భుజం తట్టి వెళ్లాడు. నాలుగో రోజుకి ఆసుపత్రి వరండా నిండిపోయింది.

"అందులో నా కూతురొకతె. తొమ్మిది నెలల పిల్ల. వారం రోజులు సెలైన్ మీద ఉంది. ప్రాణాలెవరివీ పోలేదు, అదొక్కటీ మేలు జరిగింది. వాన మీదకి తోసెయ్యమని పైవాళ్లు చెప్పారు, నేను రాశా. మా ఆవిడకి తప్ప ఇది ఇంకెవరికీ చెప్పలేదు."

ఇంజనీరమ్మ రిజిస్టరు మీద అరచెయ్యి ఆనించి అడిగింది. "రేపు వాళ్లకి ఇది చూపించొచ్చా?"

"కలమివ్వు."

వంగి, పాత వాక్యం కింద పొందికగా రాశాడు. 'పైన రాసినది తప్పు. వాన లేదు. నేను మూడు మడులు ఒకేసారి గీకించాను.' సంతకం చేసి, ఇవాళ్టి తేదీ వేశాడు. కలం తిరిగిచ్చాడు.

ఆమె ఫోన్ తీసి పెద్దాఫీసుతో మాట్లాడింది. గొంతు పెరగలేదు, తగ్గనూ లేదు. "ఒక్క మడే సార్. మిగతావి పచ్చగానే ఉంటాయి. ఎందుకో రేపు నేనే వివరిస్తాను."

కిందికొచ్చి మేస్త్రీతో చెబితే అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మరి పద్దెనిమిది మందిని ఏం చెయ్యమంటారు మేడమ్, పాటలు పాడించమంటారా?"

"గట్ల మీద గడ్డి పీకించు," అన్నాడు ఇసుకాయన. "అద్దాల్లా ఉండాల్సింది అవి. పాటలు కూడా పాడొచ్చు, నీ గొంతు ఒక్కటి కలవకుండా చూసుకో."

మూడో మడిలో ఇసుక మీద నడవడానికి చెక్కపలకలు పరిచారు. అడుగుపెట్టే ముందు అందరూ బూట్లు బ్లీచింగ్ నీళ్లలో ముంచారు. ఇంజనీరమ్మ కూడా ఎవరివో రెండు సైజులు పెద్ద బూట్లు తొడుక్కుని దిగింది. ఆయన పార పట్టి చూపించాడు. "తవ్వకూడదు. గడ్డం గీసినట్టు గియ్యాలి. తెగితే మడికి నొప్పి." పొర చాపలా చుట్టుకుంటూ లేచింది. కింద ఇసుక చల్లగా, శుభ్రంగా బయటపడింది. ఆయన కర్రను ఇసుకలోకి గుచ్చి, అడుగు కంకర తగిలేదాకా నొక్కాడు. టేకు కర్ర, ఇనుప ములుకు, ఏడు గాట్లు. చేరిన ఏడాది తనే చెక్కుకున్నాడు.

"రెండో గాటు ఇసుకకి హద్దు. ఇసుక ఇంతకంటే తగ్గితే కొత్తది పొయ్యాలి. నాలుగోది నీళ్లకి హద్దు. మడిని మళ్లీ పైనుంచి నింపకూడదమ్మా, ఇసుకలో గాలి ఇరుక్కుపోతుంది. వడగట్టిన నీళ్లని కింది నుంచి మెల్లగా ఎక్కించాలి. గంటకి జానెడు, అంతే. నాలుగో గాటు ముట్టగానే కింది వాల్వు కట్టెయ్యాలి. కట్టేదాకా ఎవరో ఒకరు ఇక్కడ ఉండాల్సిందే."

"ఉంటాను," అందామె.

భోజనాల వేళ తొట్టి గదిలో డబ్బా విప్పి, తినకుండా కూతురికి ఫోన్ చేశాడు. రెండు వీధుల అవతల బడిలో ఆమె లెక్కల టీచరు. తల్లి పోయాక నాలుగేళ్లుగా ఆ డబ్బా కట్టేది ఆమే.

"ఏంటి నాన్నా, ఈ టైంలో? కూరలో ఉప్పు ఎక్కువైందా?"

"కాదు తల్లీ. నీకు చిన్నప్పుడు జబ్బు చేసింది చూడూ..." మొదలుపెట్టి, మొత్తం చెప్పాడు.

అవతల పిల్లల గోల వినిపించింది. తర్వాత ఆమె గొంతు. "నాకు తెలుసు నాన్నా. అమ్మ చెప్పింది."

"ఎప్పుడు?"

"నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు. నాకు నీళ్లిచ్చే ముందు ప్రతిసారీ గ్లాసు వెలుతురుకి పెట్టి చూస్తావు కదా, నాన్నకేమైనా పిచ్చా అని అడిగా. అప్పుడు చెప్పింది. నీకు చెప్పొద్దని కూడా చెప్పింది."

"ఇద్దరూ కలిసి నన్ను ఇన్నేళ్లు..."

"నువ్వే దాచుకున్నావు, మమ్మల్నంటావేం? ముందు అన్నం తిను. గంట కొట్టారు, నే పోతున్నా. సాయంత్రం వస్తా."

ఆయన నవ్వుకుంటూ తిన్నాడు. కూరలో ఉప్పు సరిగ్గా సరిపోయింది. డబ్బా కడిగి బోర్లించి, గ్లాసు ముంచి, అలవాటుగా వెలుతురుకు ఎత్తబోయి ఆగాడు. చూడకుండానే తాగేశాడు.

మూడు దాటాక కింది వాల్వు తిప్పాడు. కాసేపటికి ఇసుక రంగు ముదిరింది. చిన్న చిన్న బుడగలు లేచాయి. ఎక్కడా ఉరవడి లేకుండా, నేల చెమర్చినట్టు నీళ్లు పైకి తేలాయి. కర్రను మడిలోనే నిలబెట్టి, గట్టు మీది రాతిబల్ల మీద కూర్చున్నాడు. మేస్త్రీ మనుషులు గడ్డి మోపులు లారీకెత్తుతున్నారు. వాళ్లలో ఎవరో నిజంగానే పాడుతున్నారు. ఎండ మెత్తబడింది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వీపు తొట్టి గది గోడకానించి, కుడికన్ను కాస్త చికిలించి, ఆయన నీళ్లు ఎక్కడం చూస్తూ ఉన్నాడు.

ఇంజనీరమ్మ రెండు టీ గ్లాసులతో వచ్చింది. "బాబాయ్‌గారూ, మూడో గాటు దాటింది," అంది. పక్కన కూర్చుని, టీ చల్లారిపోతుందని చెప్పింది. తర్వాత ఆయన మొహంలోకి చూసింది. రెండోసారి పిలవలేదు. గ్లాసులు కింద పెట్టి, ఆయన చెయ్యి అందుకుని కాసేపు అలాగే పట్టుకుంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

కూతురు వచ్చింది. డాక్టరు వచ్చి వెళ్లాడు. మేస్త్రీ తలపాగా తీసి చంకలో పెట్టుకుని, ఆయన్ను పడుకోబెట్టిన మంచానికి ఒక కోడు పట్టుకున్నాడు. గేటు దాకా అందరితో నడిచిన ఇంజనీరమ్మ అక్కడ కూతురి భుజం మీద చెయ్యి వేసి, "నేను రాలేను. వాల్వు తెరిచి ఉంది," అంది. కూతురు కళ్లు తుడుచుకుని తలూపింది. "నాన్నైతే తిట్టేవారు, ఇక్కడిదాకా వచ్చినందుకే. వెళ్లండి."

పొద్దు వాలుతోంది. ఆమె ఆ పెద్ద బూట్లతోనే తిరిగొచ్చి వాల్వు చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది. మడి మధ్యలో కర్ర ఒంటరిగా నిటారుగా నిలబడి ఉంది. దాని చుట్టూ నీళ్లు, అలికిడి లేకుండా, నాలుగో గాటును అప్పుడే ముట్టుకుంటున్నాయి.