ఎర్ర తీగ ఏ కన్నంలో ఉంది

మా మనవరాలు ముందుగదిలో రిపేర్ల కొట్టు నడుపుతుంది. ఇస్త్రీపెట్టె పాడైనా, ఫ్యాను మూలిగినా దాని బల్లమీదికే వస్తాయి. అదే గదిలో కిటికీ దగ్గర దాని మొగుడు కరెంటు మిషను మీద బట్టలు కుడతాడు. ఇద్దరి మధ్యా నా కుర్చీ.

దాని పసుపురంగు మీటరుకు రెండు తీగలు, కింద మూడు కన్నాలు. నల్ల తీగ బుద్ధిమంతురాలు, ఎప్పుడూ ఒకచోటే ఉంటుంది. ఎర్రదే ఇల్లు మారుతుంది. ప్లగ్గులో ఓల్టేజీ చూడాలంటే ఒక కన్నం, దీపం ఎంత కరెంటు లాగుతోందో చూడాలంటే ఇంకోటి.

"కరెంటు కన్నంలో ఉన్న తీగతో ప్లగ్గులో పొడిచామో, నిప్పు ఒళ్లో పోసుకున్నట్టే అమ్మమ్మా. అందుకే కరెంటు కొలిచినవాళ్లే తీగ మార్చి మరీ మీటరు కింద పెట్టాలి" అని అది వెయ్యిసార్లు చెప్పింది. చదువు లేని నాకే కంఠతా వచ్చేసింది.

ఆ రోజు అది బ్యాటరీ దీపం కరెంటు కొలుస్తుండగా పక్కింటి పిన్ని ఇస్త్రీపెట్టెతో వచ్చింది. మా మనవరాలు మీటరు అలాగే వదిలి గుమ్మం దగ్గరికి వెళ్లింది. ఇంతలో కుట్టుమిషను ఆగిపోయింది.

"ప్లగ్గులో ఓల్టేజీ వస్తోందేమో చూడండి, మీటరు అక్కడే ఉంది" అని అక్కణ్ణుంచే మొగుడికి కేకేసింది.

అది నేర్పినట్టే అతను మీట ఓల్టేజీకి తిప్పాడు, వేళ్లు ఇనుముకు తగలకుండా తీగలు పట్టుకున్నాడు, ప్లగ్గులో పెట్టాడు. ఢాం! నీలం మంట లేచింది, మీటరు కింద పడింది, ఇల్లంతా చీకటి. అతని వేళ్లు నల్లబడ్డాయి.

కాలిందా అని కూడా అడగలేదు మా పిల్ల. "ఎన్నిసార్లు నేర్పానండీ! బొత్తాలు కుట్టే చేతికి మీటరివ్వడం నాదే బుద్ధితక్కువ!"

"పోనీలేవే, ఇకమీద టేపుతో కొలుచుకోమను!" అని పిన్ని విరగబడి నవ్వింది.

అతను మీటరు ఎత్తి బల్లమీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. పిన్ని వెళ్లాక మా పిల్ల మీటరు చేతిలోకి తీసుకుంది. ఎర్ర తీగ తను కరెంటు కొలవడానికి పెట్టిన కన్నంలోనే ఉంది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

లోపలికి వెళ్లి అతని వేళ్లకు మందు రాస్తూ అడిగింది. "మీరు చూశారా?"

"మీటరు ఎత్తినప్పుడే చూశాను."

"మరి అన్నన్ని మాటలన్నా నోరు విప్పలేదేం?"

"కొట్టు నీది. నీ చేతిమీద నమ్మకంతోనే వస్తారు జనం. నన్ను చూసి నవ్వితే నాకేం పోయింది?"

తిట్టినా బాగుండేది. దానికి తల కొట్టేసినట్టయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ, నోరు జారితే ఏం తీసుకుంటాం? ఆ పూట కంచం ముందు కూర్చుని లేచిపోయింది.

మర్నాడు పిన్ని వచ్చి, బాగుచేసిన ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుంది. "మీటరు మీ ఆయనకు అందకుండా దాచావా లేదా?"

మా పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు ఆయనది కాదు పిన్నిగారూ. తీగ మార్చకుండా వదిలేసింది నేను. తిట్లు మాత్రం ఆయన తిన్నారు."

పిన్ని నవ్వు సగంలో ఆగింది. చేతిలోని ఇస్త్రీపెట్టెను అటూ ఇటూ తిప్పింది. "మరి... దీన్ని సరిగ్గానే చూశావా?"

"ఇంకోసారి చూస్తాను, కూర్చోండి" అని మా పిల్ల ఫ్యూజు మార్చిన మీటరు అందుకుంది.

కిటికీ దగ్గర మిషను ఆగింది. "ఎర్ర తీగ నేను చూశాన్లే, సరిగ్గానే ఉంది" అన్నాడు అతను, మందు రాసిన వేళ్లతో దారం తెంపుతూ.

పిన్ని ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. మా పిల్ల మాత్రం తల ఎత్తలేక, ఆ తీగ కన్నంలోకి వేలితో మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉంది.