దీపం పట్టిన చెయ్యి

అద్దం మీద హా అని ఊది, మెత్తని గుడ్డతో పైనుంచి కిందికి తుడుస్తున్నాడతను. టీవీల దుకాణంలో అతని రోజు అలాగే మొదలవుతుంది. పొట్టి మనిషి, ముందుకు వంగిన మెడ, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు.

"కళ్ళతో చూడమని పెడితే వేళ్ళతో చూస్తారు," అని నిన్నటి గిరాకీల మీద గొణుక్కుంటూ ఆఖరి వేలిముద్ర చెరిపాడు.

ఒకే రకం టీవీలు నాలుగు వరసగా పెట్టి, ఒక్కోదానికి నెట్‌లోంచి సినిమాలు రప్పించే ఒక్కో కంపెనీ స్ట్రీమింగ్ పెట్టె తగిలించి, ఏది బొమ్మ బాగా చూపిస్తుందో గిరాకీలకు చూపడం అతని ఉద్యోగం. మిగతా వాళ్ళు పువ్వులు, సముద్రాలు వేస్తారు. ఇతను మాత్రం ఒక పాత నలుపుతెలుపు సినిమాలో రాత్రి సన్నివేశం వేస్తాడు. పడవ మునిగిపోతుంది, ఒడ్డున జనం లాంతర్లెత్తి వెతుకుతుంటారు. "పువ్వు ఏ పెట్టెలోనైనా పువ్వేనండీ. పెట్టె పనితనం చీకట్లో తేలుతుంది," అంటాడు. అందుకే దుకాణంలో అందరూ అతన్ని చీకటి బాబాయ్ అంటారు.

ఆ సన్నివేశమే ఎందుకో వాళ్ళకు తెలియదు. ఆ గుంపులో అక్క ఉంది. తల్లి పోయాక చొక్కాలకు గుండీలు కుట్టి అతన్ని పెంచిన అక్క, పడుచు వయసులో ఒకసారి షూటింగుకు వెళ్ళి ఆ ఒడ్డున నిలబడింది. ఇంట్లో ఎన్నిసార్లు వేసినా ఆ చీకటి గళ్ళుగళ్ళుగా పగిలి, మనుషులందరూ నల్లటి ముద్దయ్యేవారు. "ఆ ముద్దల్లో మీరు ఏ ముద్ద వదినా?" అని అతని భార్య నవ్వేది. నవ్వగా నవ్వగా, అక్క ఆ మాట ఎత్తడమే మానేసింది. ఇప్పుడు ఆవిడ గుండె నీరసించింది. డాక్టరు మందులు తగ్గించి, ధైర్యం చెప్పే మాటలు కూడా తగ్గించాడు. ఆవిడ బతికుండగా ఆవిడ మాట నిజం చేయాలని అతని తపన.

ఆ రోజు కొత్త పెట్టె వచ్చింది. నాలుగో టీవీకి తగిలించి సన్నివేశం వేశాడు. మొదటి మూడింటిలో ఎప్పటి బురదే. నాలుగోదానిలో తడిసిన ఇసుక కనబడింది! తాళ్ళ పురులు కనబడ్డాయి! ఒక ముసలాయన గడ్డం మెరిసింది! చటాక్కున ఆపేశాడు. అక్క కంటే ముందు తను చూడకూడదు.

పరుగున యజమాని దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, ఆ పెట్టె ఈ పూటకి ఇంటికి పట్టుకెళ్తానండి."

"పొద్దస్తమానం చూసింది చాలలేదా బాబాయ్? కొత్త పెళ్ళికొడుకులా ఆ తొందరేమిటి?"

"మా అక్కకి చూపించాలండి."

యజమాని అతని ముఖంకేసి చూసి నవ్వు ఆపేశాడు. "సరే. అట్ట చిరగకుండా తీసుకురా."

బస్సులో ఆ పెట్టెను నిండుకుండలా పొట్టకు హత్తుకుని కూర్చున్నాడు. ఇల్లు చేరి చెప్పులు విప్పుతూనే అరిచాడు. "అక్కా, లే! నిన్ను పట్టుకొచ్చా!"

"నన్నెక్కడ పోగొట్టుకున్నావురా?" అంది అక్క దిండ్ల మీంచి.

పెట్టె తగిలించి, "దేవుడా" అనుకుని బొమ్మ వేశాడు. అదే బురద!

"పెట్టె మారినా ముద్ద మారలేదండీ," అంది భార్య.

తీగ పీకి పెట్టాడు. మళ్ళీ పీకాడు. అప్పుడు నెత్తిన టపీమని కొట్టుకున్నాడు. ఈ టీవీ ఒకప్పుడు దుకాణంలో ప్రదర్శనకు పెట్టింది. పాతబడ్డాక తను తెచ్చుకున్నాడు. ట్యూబులైట్ల కింద ధగధగలాడడానికి పెట్టిన షాపు సెట్టింగు ఇంకా దానిలోనే ఉంది. అది తెలుపును మండించి నలుపును మింగేస్తుంది. టీవీ బిగించడానికి ఎవరింటికి వెళ్ళినా ముందు దాన్నే తీసేసే మనిషి, సొంతింట్లో ఇన్నేళ్ళూ ముట్టుకోలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

రిమోటు నొక్కాడు. చీకటి విచ్చుకుంది.

ముఖాలు వచ్చాయి. ఒక్కొక్కదాని దగ్గర ఆపాడు. ఈమె కాదు. ఆమె కాదు. ముసలాయన, అతని వెనక ఇద్దరాడవాళ్ళు, ఒక లావుపాటి మనిషి. ఆఖరి ముఖం కూడా అయిపోయింది. ఇన్నాళ్ళూ చీకటి అక్కను దాచిందనుకున్నాడు. అక్క పరువునే దాచిందా? అంతా తేటగా చూపించమని దేవుణ్ణి అడగడం కూడా తప్పేనా? తలెత్తి అక్కకేసి చూడలేకపోయాడు.

వెనకనుంచి కిలకిలమని నవ్వు వినబడింది.

"ముఖాలు వెతుకుతావేంట్రా వెర్రినాగన్నా! ముఖం కనబడుద్దని నేనెప్పుడన్నా చెప్పానా? ఉన్నానని కదా చెప్పాను!"

అతని భుజం పట్టుకుని లేచింది. వద్దంటున్నా టీవీ దాకా నడిచింది. తెర అంచు మీద చిటికెన వేలు ఆనించింది. అక్కడ, గుంపుకు ఎడమ పక్కన, ఒక చెయ్యి మాత్రం లోపలికి వచ్చి లాంతరు పట్టుకుని ఉంది. మనిషి బొమ్మకు బయటే ఉండిపోయింది. ఆ చేతి చిటికెన వేలు మధ్యలో వంకర తిరిగి పక్కకు పొడుచుకుని ఉంది. అద్దం మీద ఆనిన వేలూ అంతే వంకర.

"వదినా! మీదే! అచ్చం మీ వేలే!" భార్య చప్పట్లు కొట్టింది. "ఏమండీ, మళ్ళీ వెయ్యండి! మళ్ళీ!"

మళ్ళీ మళ్ళీ వేశాడు. వేసినప్పుడల్లా ముగ్గురూ చిన్నపిల్లల్లా అరిచారు.

"పక్కనున్నామె చెయ్యి నొప్పెట్టి దించేసింది," అంది అక్క మంచం మీద వాలుతూ. "నేను దించలా."

భార్య పాలు కాచుకొచ్చేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. "తాగి పడుకోండి వదినా," అంది భార్య. అక్క నవ్వు ఇంకా పెదవి చివర ఉంది. పాలు చల్లారాక గానీ వాళ్ళకు తెలియలేదు.

పెట్టె అట్ట చిరగకుండా దుకాణానికి చేరింది. కర్మకాండలయ్యాక అతను మళ్ళీ పనిలోకి వెళ్ళి, హా అని ఊదుతూ అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ఇంట్లో కిటికీ ఎండ టీవీ మీద పడితే, భార్య కొంగు చివరతో అద్దం తుడవబోయింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆర్పేసిన నల్లటి తెర ఎడమ అంచున, పక్కకు ఒరిగిన చిన్న వేలిముద్ర ఎండలో తేటగా కనబడుతోంది.