రాసినవారి వైపు

ప్రతి ఉదయం టిఫిను ముగించి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని, అమృతరావు ఒడిశాలోని జేకేపూర్ బజారులో ఉన్న గిరీష్ ఇంటర్నెట్ కొట్టుకు నడిచి వెళ్ళేవారు. ముప్పయ్యొక్క సంవత్సరాలు కాగితం మిల్లులో డిస్పాచ్ గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. 2008 వానాకాలం నాటికి ఆయనకు మిగిలిన పని ఒక్కటే: చనిపోయిన కొడుకు బ్లాగు చదవడం.

విమల్ కుమార్ ఇరవయ్యారేళ్ళకు, మలేరియా మెదడుకెక్కి పోయాడు. పోయేనాటికి బ్లాగులో తొమ్మిది టపాలున్నాయి. రెండేళ్ళపాటు అమృతరావు ఆ తొమ్మిదే చదివారు. ఇంట్లో కొడుకు గదిలో కంప్యూటరు అలాగే ఉంది. కానీ ఆయన ఆ గడప దాటలేదు. భార్య దేవకుమారి మాత్రం రోజూ మధ్యాహ్నం వెళ్ళి తుడిచి వచ్చేది. ఒక చిన్న గది తుడవడానికి గంటన్నర పడుతుందా అని ఆయనకు ఎన్నడూ అనుమానం కలగలేదు.

జూన్‌లో ఒకనాడు పదో టపా కనిపించింది. కాశీపూర్ రోడ్డు గురించి. తర్వాత పదకొండోది, ఒక ఆసుపత్రి వార్డుకు నీళ్ళు రాకపోవడం గురించి. నిక్కచ్చిగా, లెక్కతో సహా రాసిన మాటలు. కింద వ్యాఖ్యలు: “విమల్ గారూ, చక్కటి విశ్లేషణ.” “సార్, కలం కాదు, కత్తి.”

“ఎవడో దొంగ మావోడి పేరు దొంగిలించేడు” అన్నారు అమృతరావు.

“పాస్‌వర్డ్ తెలిసినోడే రాస్తాడంకుల్” అన్నాడు గిరీష్. “డెత్ సర్టిఫికెట్ పెట్టి కంపెనీకి మెయిల్ కొడితే బ్లాగు తీసేస్తారు. కానీ మొత్తం పోద్ది. మనోడివి తొమ్మిదీ కూడా.”

అమృతరావు తనకు తాను గడువు పెట్టుకున్నారు. ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక. ఆలోగా దొంగ దొరికితే సరి. లేకపోతే సోమవారం మెయిలు.

మిల్లు కాగితానికి రాసినవారి వైపు తిరిగే గుణం ఉందని కాలనీలో అందరికీ తెలుసు. చేతిరాతైనా, అచ్చైనా ఒకటే. బల్ల మీద పెడితే అంచు లేచి, మొక్క వెలుతురుకు వంగినట్టు ఆ మనిషి వైపు వంగుతుంది. బడిలో పేరు రాయని పరీక్ష కాగితాలను అయ్యవార్లు అలాగే పంచేవారు. ఆకాశరామన్న ఉత్తరాలు రాయదలచినవారు కాగితం విజయనగరం నుంచి తెప్పించుకునేవారు.

అమృతరావు రెండు టపాలూ మిల్లు కాగితం మీద అచ్చు తీయించి, మొదట గిరీష్ ముందే పరిచారు.

“నన్నే అనుమానిస్తన్నారా అంకుల్?”

“అందర్నీ.”

కాగితం గిరీష్ వైపు చూడనైనా లేదు. తర్వాత టీ కొట్టు దగ్గర యూనియన్ నాయకుడు మన్మథరావు దొరికాడు.

“ఏటి బావా, నాకేటి సమన్లా?”

“కూకో. కాస్త ముందుకు జరుగు.”

కాగితం లేచి, మన్మథరావుకు వీపు చూపించి, క్వార్టర్ల వైపు వంగింది.

“సూసేవా! నా మొహం సూసి కాగితం కూడా తిరిగిపోయింది” అని మన్మథరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. అమృతరావు నవ్వలేదు. ఎక్కడ పరిచినా అది తాను నడిచి వచ్చిన దారి వైపే వంగుతోంది. దొంగ తమ ఇళ్ళ వరుసలోనే ఉన్నాడన్నమాట. చుట్టుపక్కల ఇళ్ళలో చదువుకున్నవారిని గుర్తు తెచ్చుకుని జాబితా రాశారు. పదకొండు పేర్లు. రోడ్లు, కాంట్రాక్టర్లు, నీటి పైపులు రాయగలవారు గనుక పదకొండూ మగవారి పేర్లే.

పదకొండు మందినీ ఆదివారం ప్రార్థనకు పిలిచారు. మగవారు హాల్లో చాప మీద, ఆడవారు వంటింటి గుమ్మం పక్కన, ఎప్పటిలాగే. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ కళ్ళు మూసుకున్నారు. అమృతరావు మూసుకోలేదు. టీపాయి మీద కాగితాలు రెండూ మెల్లగా లేచాయి. పదకొండు తలలనూ దాటి, వంటింటి వైపు తిరిగి నిలిచాయి.

గుమ్మంలో దేవకుమారి టీ కప్పుల పళ్ళెంతో నిలబడి ఉంది.

ఆమె వెనుక ఎవరున్నారా అని అమృతరావు మెడ చాచి చూశారు. ఎవరూ లేరు.

“ఆమెన్” అన్నారందరూ. కళ్ళు తెరిచారు, కాగితాలను చూశారు, టీ అందుకున్నారు. “సెల్లెమ్మా, పంచదార సరిపోయింది” అన్నాడు మన్మథరావు.

అందరూ వెళ్ళాక అమృతరావు అడిగారు. “పిల్లడి పేరెందుకు పెట్టేవు?”

“ముందు నా పేరుతోనే ఓ బ్లాగు మొదలెట్టేనండి. రాయడం వాడే కదా నేర్పేడు. ముప్పై ఏళ్ళు నర్సు పని సేసినదాన్ని, వార్డులో నీళ్ళు లేవని రాస్తే, ‘ఆంటీ, ఆవకాయ కొలతలు సెప్పండి’ అన్నాడొకడు. ‘ఫొటో పెట్టండి’ అన్నాడింకొకడు. మరొకడు ‘మీవారికి తెలుసా?’ అన్నాడు.”

“అయితే?”

“ఒక్క ముక్క మార్చకుండా వాడి పేరుతో పెట్టేను. నలభై మంది సార్ అన్నారు. పది రోజుల్లో కుళాయి వచ్చింది.”

“నాకైనా సెప్పాలి కదా.”

“సెప్పేనండి. మీకే ముందు సెప్పేను. పేపరు దించకుండా ‘ఊఁ’ అన్నారు.”

విమల్ పేరుతో అదే సంగతి చదివిన రోజున, ఆయన గిరీష్‌కు రెండుసార్లు పైకి చదివి వినిపించారు.

సోమవారం మెయిలు వెళ్ళలేదు. దేవకుమారి తన టపాలను తన పేరు కిందికి మార్చుకుంది. విమల్‌వి తొమ్మిదీ తొమ్మిదిగా మిగిలాయి. నాలుగు వందల మంది పాఠకులు ముప్పై మందయ్యారు. ఆవకాయ అడిగేవాడు మళ్ళీ వచ్చాడు. అమృతరావు ఇప్పుడు కొడుకు గదిలో, ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటున్నారు.

ఒక మధ్యాహ్నం బంధుగాం నుంచి గురువులు అనే మగపేరుతో పెద్ద వ్యాఖ్య వచ్చింది. అక్కడి మందుల కొరత గురించి, తేదీలతో సహా.

“జాగర్త” అన్నారు అమృతరావు. “ఎవడో నీ సేత ఏటో వాగించాలని సూస్తన్నాడు.”

దేవకుమారి మరోసారి మొదటినుంచి చదివింది.

“మగోడు కాదండి.”

“ఎలా తెలుసు?”

“ఒక్క తప్పు లేకుండా రాసి, మూడుసార్లు క్షమించమంది.”

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుని, జవాబు గడిలో ఒక్కో అక్షరమే కొట్టింది:

“నీ పేరేటమ్మీ?”