రెండో సీసా

...అదీ కాక, ఆఖరి ఊపిరిలో అన్నకి ఏ వాసన తగిలి ఉంటుందన్నది ఏ పాఠంలోనూ లేదు. పొద్దున న్యాయశాస్త్రం క్లాసులో ఎవరు చేశారని అడుగుతారు. మధ్యాహ్నం పర్యావరణ నిర్వహణ క్లాసులో ఎంత కలిసిందని అడుగుతారు. ఎవరు, ఎంత. ఈ రెండు ప్రశ్నలకీ మధ్యన అందరూ భోజనానికి లేచినప్పుడు, ఆమె యూనివర్సిటీ మెట్ల మీద ఒక్కతే కూర్చుని మిల్లు మేనేజరు మెడ తన రెండు చేతులకీ అందుతుందా అని ఆలోచించేది. అందదనిపించేది. మళ్ళీ క్లాసుకి వెళ్ళేది.

ఇప్పుడు మేడమ్ బల్ల మీద ఖాళీ సీసాలు పెట్టి నమూనా పట్టే పద్ధతి చెబుతోంది. ఫ్యాక్టరీ మురుగు గొట్టంలోంచి వచ్చే నీళ్ళతోనే సీసాని ముందు కడగాలి. తర్వాత నిండా పట్టాలి. పట్టినదాన్ని రెండు సీసాల్లోకి పంచి, ఫ్యాక్టరీ మనిషి ఎదుటే సీలు వెయ్యాలి. ఒకటి పరీక్షకి. రెండోది ఫ్యాక్టరీ వాళ్ళ చేతికి.

వాళ్ళకెందుకు సగమని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

"మన పరీక్ష తప్పని వాళ్ళంటే, తమ సగం చూపించుకునే హక్కు వాళ్ళకుంది. ముందుగా నోటీసు కూడా ఇస్తాం. చట్టం అందరికీ ఒకటే."

ఆమెకి నవ్వొచ్చింది. అన్నకి ఎవరూ నోటీసు ఇవ్వలేదు. సెలవు రోజున ఇంట్లో పడుకుని ఉంటే పిలిపించి, రంగుల మిల్లు వెనకున్న మురుగు తొట్టిలోకి దింపారు. ముఖానికి మాస్కు లేదు, నడుముకి తాడు లేదు. అన్నతో కలిసి పనిచేసే ఫిట్టరే ఆఖరికి కొక్కెం వేసి పైకి లాగాడు. గేటు దగ్గర మేనేజరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "తాగి దిగాడు. మేమేం చేస్తాం" అన్నాడు. బీడీ కూడా ముట్టని మనిషిని. ఆ మాటకి అమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. తలెత్తి మేనేజరు ముఖాన్ని అలా చూస్తూ ఉండిపోయింది, మళ్ళీ ఎక్కడైనా కనిపిస్తే పోల్చుకోవడానికి అన్నట్టు. ఆ చూపు చూశాకే ఆమె ఈ రెండు చదువులూ కలిపి చదవడానికి దరఖాస్తు పెట్టింది. ఒక చదువు చాలదనిపించింది. ఒక చేత్తో పట్టుకోవడానికి, ఒక చేత్తో నొక్కడానికి.

కాలనీవాళ్ళు అప్పట్నుంచీ ఆమెని లాయరమ్మ అంటున్నారు. సగం ముద్దుగా, సగం వెటకారంగా.

ఆమెని భయపెట్టింది వేరే. లైబ్రరీ చల్లదనంలో కూర్చున్నప్పుడు, ఒక్కోసారి అన్న గుర్తుకు రాకుండానే పుస్తకం నచ్చేసేది. కోపం చల్లారిపోతోందేమోనని దడ పుట్టేది. అలాంటి రోజు ఇంటికి దగ్గరి దారి వదిలేసి, మిల్లు కాలవ పక్కగా నడిచి వెళ్ళేది. ఆ వాసన లోపలికి పీల్చి, కడుపులో మంట సరిగ్గానే ఉందో లేదో చూసుకునేది. మంటని పెంచుకోవడం కూడా ఒక పనే. ఆ పని ఎవరికీ చెప్పుకోలేదు.

క్లాసు అయ్యాక మేడమ్ ఆమెని ఆపింది. గురువారం కాలుష్యం తనిఖీ చేసే అధికారులు రంగుల మిల్లుకి వెళ్తున్నారు. ఈసారి పరీక్ష నెగ్గితే మిల్లుకి కొత్త షెడ్డు కట్టుకునే అనుమతి వస్తుంది. విద్యార్థుల తరఫున సీసాలు పట్టే పని ఆమెది.

"నీది ఆ కాలనీయే కదా. మనసులో ఏమీ పెట్టుకోకు."

"పెట్టుకోను మేడమ్," అంది. అబద్ధం నోటికి అంత తియ్యగా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. కాలవ అడుగునుంచి తీసిన నల్లటి బురద ఓ చిన్న బుడ్డిలో అప్పటికే ఆమె సంచిలో ఉంది. పరీక్షకి పోయే సీసాలో నాలుగు చుక్కలు. అంతే. మేనేజరు మెడ అందనక్కర్లేదు.

ఆదివారం పొద్దున కాలనీ పంపు దగ్గర బిందెలు కొట్టుకుంటున్నాయి. గురువారం నీళ్ళు రావని, ముందే పట్టి పెట్టుకోమని మిల్లు వాచ్‌మన్ వీధి వీధికీ చెప్పి వెళ్ళాడట. అమ్మ తిట్టుకుంటూ బిందె కింద పెట్టింది.

ఆమె చెయ్యి పంపు మీదే ఆగిపోయింది. గురువారమే ఎందుకని అడిగింది.

ఇస్త్రీ అత్త బండి మీద బొగ్గులు విసురుతూ నవ్వింది. "కార్లొచ్చే రోజు మనకి నీళ్ళెక్కడివే లాయరమ్మా. ఎప్పుడూ ఇంతేగా. పెద్దోళ్ళు చేతులు బాగా కడుక్కోవాలి మరి."

అక్కడే సైకిలు పట్టుకుని నిలబడ్డ ఫిట్టరు చూపు తిప్పుకున్నాడు. అన్న పోయినప్పట్నుంచీ ఆమె అతన్ని ఏమనీ పిలవడం లేదు. అన్నా అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

"రోడ్డు చివర వాల్వు తిప్పేది నువ్వేనా?"

అవునన్నాడు. బాయిలరుకి ప్రెషరు చాలదని మేనేజరు తనకి తాళం ఇచ్చి పంపుతాడట. కాలనీ లైను కట్టేసి మిల్లు లైను వదలాలి. ఆ నీళ్ళు బాయిలరుకే పోతాయా అని అడిగింది. పైపు మిల్లు వెనకున్న ఆ మురుగు తొట్టిలోకి పోతుందని, తను అడగలేదని, అడిగితే ఉద్యోగం ఉండదని ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

ఎంత కలిసింది అని అడిగే క్లాసు ఆమె ముందు నిలబడింది. లీటరుకి ఇంత అని హద్దు. విషం తగ్గించక్కర్లేదు, నీళ్ళు పెంచితే చాలు. పరీక్ష నెగ్గిన ప్రతిసారీ మిల్లు తాగింది కాలనీ నీళ్ళే. ఆ మాట అందరికీ అర్థమయ్యేలా చెప్పేసరికి పంపు దగ్గర ఎవరూ బిందె ఎత్తలేదు.

"అంటే," అంది అమ్మ నెమ్మదిగా, "నా కొడుకుని మింగినదాన్ని వాడు నా బిందెలో నీళ్ళతో కడుక్కుంటున్నాడా."

అక్కడితో గొడవ మొదలైంది. అర్జీ పెడదామని ఒకరు, మిల్లు గేటు పగలగొడదామని ఒకరు. మిల్లు మూసేస్తే తినేదేమిటని ఫిట్టరు గొంతు పెంచాడు.

"పొయ్యి మీద మీ లాయరమ్మ చట్టాన్ని ఉడకేసి పెడుతుందా?"

"వాడు చచ్చినప్పుడు కొక్కెం వేసి లాగింది నువ్వు," అంది ఇస్త్రీ అత్త. "రేపు నీకు కొక్కెం వెయ్యడానికి నువ్వుండవు గదరా. మిల్లు చొక్కాలు ఇస్త్రీ చేసే నాకూ పోతుంది కూడు. నీకొక్కడికేనా కడుపుంది."

ఆమె ఉండబట్టలేక సంచిలోంచి బుడ్డి తీసి చూపించింది. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదని, తను ఒక్కతే చూసుకుంటానని, సీసాలో ఇది కలిపేస్తే మిల్లు పని అయిపోతుందని చెప్పింది. చెబుతుండగానే మేడమ్ గొంతు చెవిలో పడింది. రెండో సీసా. వాళ్ళ సగంలో బురద ఉండదు. మేనేజరు తన సీసా ఎత్తి చూపించి, చెల్లెలు కూడా అన్నలాంటిదే, దొంగ మొహం అంటాడు. ఇన్నేళ్ళ చదువూ, కక్షా కలిసి ఆ ఒక్క సీసా దగ్గర గుడ్డివైపోయాయి.

అమ్మ బుడ్డి తీసుకుని వాసన చూసి మూతి తిప్పింది.

"వాడూ కలుపుతున్నాడు, నువ్వూ కలుపుతావా? వాణ్ణి కలపనివ్వకపోతే చాలదుటే?"

అంత చిన్న మాట. దాని చుట్టూ అందరూ నెమ్మదిగా కూర్చున్నారు. వాల్వు గుంత మీద ఇనప మూత ఎంత వెడల్పుంటుందని ఇస్త్రీ అత్త అడిగింది. నీలాంటి వాళ్ళయితే ఇద్దరు పడతారని ఎవరో అన్నారు. ఫిట్టరు సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

గురువారం మిల్లులో అధికారులకి టీ మీద టీ వచ్చింది. మేనేజరు వాచీ చూసుకుంటున్నాడు, నవ్వుతున్నాడు, మిషన్లు చూపిస్తానంటున్నాడు. నీళ్ళ కోసం ఎదురు చూస్తున్నాడని ఆమె ఒక్కదానికే తెలుసు. అతని నుదుటి మీద చెమటని ఒక్కో చుక్కా తాగుతున్నట్టు చూసింది.

ఫిట్టరు వచ్చాడు. చేతిలో వాల్వు తాళం అలాగే ఉంది.

"ఆడవాళ్ళు మూత మీద కూర్చున్నారు సార్. లేవమంటే లేవడం లేదు."

"లాగి పారెయ్యలేకపోయావా?"

"ఆ తొట్టిలోంచి ఒకసారి లాగాను సార్. ఇక లాగలేను."

తాళం బల్ల మీద పెట్టాడు. ఆ చప్పుడుకి రంగుల షెడ్డులో మిషను ఒకటి ఆగింది. తర్వాత ఇంకొకటి. మోచేతుల దాకా ఎరుపూ నీలమూ ఎక్కిన చేతులతో పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గొట్టం చుట్టూ నిలబడ్డారు. ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఫోనులో మేనేజరు గొంతు తగ్గించి పోలీసుల్ని పిలవడం అందరికీ వినిపించింది.

యంత్రం బాగాలేదని, ఇంకో రోజు రమ్మని అతను అధికారితో అన్నాడు. అధికారి మేడమ్ వైపు చూశాడు. మేడమ్ ఆమె వైపు చూసింది.

"నోటీసు ముందే ఇచ్చాం కదా మేడమ్," అంది ఆమె. "చట్టం అందరికీ ఒకటే."

మేడమ్ కళ్ళద్దాలు సరిచేసుకుంది. "కానివ్వండి," అంది.

గొట్టంలోంచి వచ్చింది నీరు కాదు. చిక్కగా, ఆవిరితో, ఏ రంగో చెప్పలేని రంగు. అన్నకి తగిలిన వాసన ఇదే. ఆమె సీసా కడిగింది. నిండా పట్టింది.

"అన్నా, మూత పట్టుకో."

ఫిట్టరు పట్టుకున్నాడు. ఆ పిలుపు ఇద్దరూ విననట్టే ఉండిపోయారు.

గోడ అవతల పోలీసు వ్యాను ఆగిన చప్పుడు, తోపులాట, ఇస్త్రీ అత్త బూతులు. తర్వాత వ్యాను లోపల్నుంచి ఖాళీ బిందెల మీద మోత. అమ్మ అందులో ఉంది. ఆ మోత రోడ్డు పొడుగునా దూరమవుతూ పోయింది. గొట్టం దగ్గర పనివాళ్ళలో ఎవరో పైపు మీద రెంచితో అదే దెబ్బ అందుకున్నారు. మిగతావాళ్ళు కూడా అందుకున్నారు.

రెండు సీసాలకీ సీలు పడింది. ఒకటి అధికారి పెట్టెలోకి వెళ్ళింది. మేనేజరు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ముక్కు పక్కకి తిప్పుకుని, అక్కడ పెట్టండి, తర్వాత చూసుకుంటామన్నాడు.

ఇన్నేళ్ళుగా అతని గొంతులో పొయ్యాలనుకున్నది ఇదే. ఆమె గ్లౌజు తీసేసింది. దగ్గరికి వెళ్ళి, అతని చెయ్యి ముందుకి లాగి, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ఇంకా వేడి దిగని సీసాని అందులో పెట్టి, వేళ్ళు మళ్ళీ మూసింది.

"ఇది మీ సగం," అంది.