లిజెత్ అడిగిన కోడిపుంజు

తప్పులుంటే మన్నించాలి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, నా రాత నత్తనడక. అయినా మా పొరుగింటి ఎర్మినియా కథ ఇంకెవరో రాస్తే నాకు నచ్చదు.

ఎర్మినియా బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. అత్తగారు సంతలో కొనాల్సినవి చెబుతోంది. మా లా పాజ్‌లో జనవరి సంతనాడు, ఎవరికేం కావాలో దాని బుల్లి బొమ్మ కొని, మిట్టమధ్యాహ్నం యతిరి, అంటే మా పూజారి పెద్దాయన చేత దానికి పొగ వేయిస్తే, ఏడాది తిరిగేలోగా అసలుది ఇంటికొస్తుంది.

"పెద్దాడికి లారీ. మీ ఆయనకి రెండంతస్తుల ఇల్లు. పిండి బస్తాలు మర్చిపోకు."

"మరి లిజెత్‌కి, అత్తయ్యా?"

"ఆ పిల్లకింకేం కొంటామే!"

ఎర్మినియా చేతిలో కత్తి ఆగిపోయింది. కూతురు లిజెత్‌కి పదిహేడేళ్ళు. మోకాలి ఎముకలో పుట్టిన క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. పూర్తిగా పోదమ్మా, కానీ కొత్త మందుతో ఏళ్ళు గడిపినవాళ్ళూ ఉన్నారు, అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మొగుడు ఫాబియాన్ మాత్రం, "చాలు ఆ సూదులు. పల్లెకి తీసుకెళ్దాం, ప్రశాంతంగా ఉంటుంది" అంటాడు. ప్రశాంతంగానట! ఆ ప్రశాంతతకి వండేదెవరు, వాంతులెత్తేదెవరు? ఒక్కనాడైనా పిల్లతో ఆసుపత్రి గడప తొక్కాడా? పెళ్ళాం ఒంటికి మందుల వాసనని పక్క మాత్రం మార్చుకున్నాడు. పిల్ల కళ్ళెదుట తిరుగుతుండగానే ఇంటిల్లిపాదీ దాన్ని సాగనంపేశారు. కొత్త బట్టలు మానేశారు, తిట్టడం మానేశారు. తను? తను కూడా దానితో గొంతు తగ్గించి మాట్లాడటం ఎప్పుడు నేర్చుకుంది?

సంతలో లిజెత్ ఎర్ర రుమాలు తలకి చుట్టుకుని, చేతికర్ర టకటకలాడిస్తూ నా బొమ్మల దుకాణం ముందుకొచ్చింది.

"సబీనా అత్తా, ఆ కోడిపుంజు ఇవ్వు."

నాకు నవ్వాగలేదు. మా దగ్గర పుంజు బొమ్మ కొనేది మగతోడు కోసం.

"నీ చేత్తో నువ్వు కొనుక్కుంటే ఫలించదే పిల్లా. ఇంకో ఆడదాని చేతి మీదుగా రావాలి."

ఎర్మినియాతో వెనకే వచ్చిన నానమ్మ బుగ్గలు నొక్కుకుంది. "సిగ్గు లేదటే! ఈ స్థితిలో ప్రియుడు కావాల్సొచ్చాడా?"

"జబ్బు ఊపిరితిత్తులకి నానమ్మా, కళ్ళకి కాదు. అందగాళ్ళు బాగానే కనిపిస్తున్నారు."

ఎర్మినియా పకపకా నవ్వేసింది. ఆ నవ్వు ఆమెకే కొత్తగా వినిపించింది. పిల్ల చావుని వాయిదా వెయ్యమని ఎవర్నీ బతిమాలడం లేదు. డాన్సులూ అలకలూ దొంగచూపులూ, పదిహేడేళ్ళ పిల్లకి రావాల్సినవన్నీ దర్జాగా అడుగుతోంది.

"అన్నిట్లోకీ పొగరుబోతు పుంజునివ్వు సబీనా," అని తన చేత్తో కొని కూతురి చేతిలో పెట్టింది.

యతిరి లారీకి, ఇంటికి, బస్తాలకి పొగ వేశాడు. "ఈ పుంజెవరిది?"

లారీ బొమ్మ పట్టుకున్న ఫాబియాన్ నేలచూపులు చూశాడు.

"నా కూతురిది," అంది ఎర్మినియా, సంతంతా వినేలా. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "పల్లెకి ఎవరూ వెళ్ళడం లేదు. సోమవారం కొత్త మందు మొదలు. దాన్ని తీసుకెళ్ళేది నువ్వు. నేను కంటినిండా నిద్రపోవాలి. నాకింకా ఎదిగే పిల్ల ఉంది."

సబీనా టికోనా, డెబ్బై ఒక్క ఏళ్ళు. మా ఆయన పోయాక ఎల్ ఆల్టోలో కూతురి దగ్గర ఉంటున్నాను.