మూడుసార్లు తట్టాలి

వారం రోజులుగా పొగ గదిలోకే ఎగదన్నుతోంది. ఇస్త్రీ చేసే ఆమె కళ్లు చింతనిప్పులయ్యాయి. ఇస్త్రీ పెట్టెలు కాలాలంటే పొయ్యి మండాలి. పొయ్యి మండాలంటే పొగగొట్టంలో పిట్టలు కట్టిన గూడు పోవాలి. పొగగొట్టాలు దులిపే మసి బాబాయిని పిలిపించింది. మేడ మీది తలుపు తాళంచెవిని ఇంటి యజమాని సరిగ్గా గంటసేపటికే ఇచ్చాడు. ఆకాశం కూడా ఆయన తాత కట్టించినట్టు!

బాబాయి పొడుగాటి కర్రతో గూడు పెళ్లగించాడు. ఖాళీ గూడే. మళ్లీ పిట్టలు దూరకుండా గొట్టం నెత్తిన ఇనుప జాలీ బిగించబోతూ ఆగాడు.

"ఉండమ్మాయ్. మూడుసార్లు తట్టి, కాసేపు వినాలి. లోపల ఏదైనా ఉంటే కదులుతుంది."

"వినడానికి లోపలేమన్నా పాటకచేరీ పెట్టారా బాబాయ్? హోటలు దుప్పట్లు సాయంత్రానికి ఇవ్వాలి. బిగించెయ్!"

ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తట్టకుండా బిగించని మనిషి, ఆమె తొందర చూసి బిగించేశాడు. తాళంచెవి యజమాని జేబులోకి పోయింది.

ఆమె పొయ్యిలో కట్టెలు పేర్చి అగ్గిపుల్ల గీసింది. గొట్టంలో టపటపమని రెక్కల చప్పుడు. పుల్ల వేళ్లదాకా కాలింది.

బాబాయి వంగి చెవి పెట్టాడు. "మధ్యలో వంపుంది. అక్కడ నక్కి ఉంటుంది."

"కిందికి రాదా?"

"పైన వెలుతురుందిగా, జాలీకేసి కొట్టుకుంటుంది గానీ దిగదు. పైన కప్పేసి చీకటి చేస్తే పొయ్యి వైపు వెలుతురు చూసి దిగొచ్చు."

ఆమె పరుగున యజమాని దగ్గరికి పోయింది. ఆయన పేపరు దించలేదు.

"గంటన్నాను, ఇచ్చాను. పిట్ట కోసం తాళం తీస్తారా ఎవరైనా? ఆదివారం చూద్దాంలే."

"అప్పటికి చచ్చిపోతుంది సార్."

"గూడు తీయించింది నువ్వేగా?"

ఆమె ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

రెండు రోజులు పొయ్యి వెలగలేదు. దుప్పట్లను హోటలువాళ్లు ఇంకోచోటికి పట్టుకుపోయారు. గొట్టంలో రెక్కల చప్పుడు మాత్రం ఆగలేదు. మూడో రోజు ఉదయానికి ఆ చప్పుడు సన్నబడింది. ఆమె చల్లారిన ఇస్త్రీ పెట్టె చేతబట్టుకుని మేడ మెట్లెక్కింది. నాలుగు దెబ్బలకు తాళం ఊడిపడింది. గొట్టం మీద తన దుప్పటి కప్పి కిందికి దిగొచ్చింది. పొయ్యి ముందు కూలబడి, గొట్టాన్ని మూడుసార్లు తట్టింది.

విన్నది. వింటూనే ఉంది. కాస్త మసి రాలింది, అంతే.

మధ్యాహ్నం బాబాయి వచ్చి, జాలీ విప్పి, పైనుంచి కర్రతో కదలని పిట్టను దింపాడు. ఆమె దాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"బరువే లేదు బాబాయ్. అంత చప్పుడు ఎలా చేసింది?"

"తట్టాల్సింది నేనమ్మా," అన్నాడు బాబాయి, తలెత్తకుండా.

యజమాని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "తాళం పగలగొట్టిందెవరు?"

"నేనే," అంది ఆమె. "రెండు రోజులు ఆలస్యంగా."

మర్నాడు పొయ్యి వెలిగించింది. పొగ ఏ అడ్డూ లేకుండా పైకి పోయింది.