విమ్లా పిన్ని లాంచర్

న్యూజిలాండ్‌లో కాలు విరిగిన మనిషికి వెళ్లాల్సిన ఉత్తరం, ఆస్ట్రేలియాలో కరెంటు బిల్లు ఎక్కువ వచ్చిందని ఫోన్ చేసిన ఒక ముసలావిడకి వెళ్లింది. "మీ గాయం మా పాలసీ కిందికి రాదు" అని ఉంది అందులో. ఆవిడ హడలిపోయి మళ్లీ ఫోన్ చేసింది. ఆ నెలలో విమ్లా చేసిన మూడో తప్పు అది.

విన్‌స్టన్ తుఫాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది సంగతి ఇది. ఫిజీ రాజధాని సువాలో రేవుకి దగ్గరగా, ఒక మేడ మూడో అంతస్తులో ఉండేది ఆ ఆఫీసు. అక్కడ పద్దెనిమిది మంది మూడు రకాల పనులు చేసేవాళ్లు: ఆస్ట్రేలియా కరెంటు కంపెనీ ఫోన్లు, న్యూజిలాండ్ ఇన్సూరెన్స్ క్లెయిములు, ఇక్కడి నీళ్ల ఫిర్యాదులు. ఎవరి పని వాళ్లది. మూడు పనులూ తెలిసింది మాత్రం విమ్లా ఒక్కతికే. ఆ ఆఫీసు తెరిచిన రోజు నుంచీ ఉంది. అందుకని ఎక్కడ ఫోన్లు ఎక్కువైతే అక్కడికి ఆవిణ్ణి వాడుకునేవాళ్లు.

పని తెలుసు గానీ కంప్యూటర్ తెర మీదే తికమక. పదకొండు ప్రోగ్రాములు ఒకేసారి తెరిచి ఉండేవి. ఉత్తరాల ప్రోగ్రాము కరెంటుకీ ఇన్సూరెన్సుకీ ఒకటే. ఇంతకుముందు ఏ ఫోల్డర్లో వదిలేస్తే మళ్లీ అక్కడే తెరుచుకుంటుంది. యాభై ఆరేళ్ల మనిషి, కళ్లజోడు ముక్కు మీదికి జారుతుంటే, చెవిలో ఎవరో అరుస్తుంటే, ఏ ఫోల్డరో చూసుకునేది ఎప్పుడు?

మేనేజర్ యోగేంద్ర ఆవిణ్ణి పిలిచి కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇంకో తప్పు జరిగితే ఉద్యోగం ఉండదని ఆ కాగితంలో ఉంది.

ఆ రోజు లంచ్ గదిలో ఆవిడ రొట్టె పొట్లం విప్పి, తినకుండా కూర్చుంది. ఎదురుగా సుబ్రమణి. అతనిది రాకిరాకి అనే ఊరు, చెరుకు పొలం వాళ్లు. ఏడేళ్ల కిందట ఈ ఆఫీసులో చేరినప్పుడు ఫోన్లో ఎలా మాట్లాడాలో, తిట్టేవాడి దగ్గర ఎంతసేపు ఊరుకోవాలో నేర్పింది విమ్లాయే. వాళ్లు మాట్లాడుకునేది ఫిజీ హిందీ. మధ్యమధ్యలో తాతమ్మల నాటి తెలుగు ముక్కలు దొర్లేవి. అతను ఆవిణ్ణి పిన్నీ అనేవాడు. ఆఫీసులో ఆ పిలుపు అర్థమయ్యేది వాళ్లిద్దరికే.

"ఇంటి దగ్గర లచ్మన్‌కి ఏం చెప్పేది?" అంది విమ్లా. లచ్మన్ ఆవిడ భర్త. బస్సు డ్రైవరుగా చేసేవాడు. షుగర్ ముదిరి ఎడమ పాదం తీసేశాక నౌసోరిలో ఇంట్లోనే ఉంటున్నాడు.

"ఏమీ చెప్పకు. నేనొకటి చేసిపెడతాను" అన్నాడు సుబ్రమణి.

రెండు రోజులు ఆవిడ పక్కన కూర్చుని చూశాడు. ఏ ఫోను వస్తే ఏం తెరుస్తుంది, దేని తర్వాత దేన్ని వెతుకుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, అంతా కాగితం మీద రాసుకున్నాడు. ఊరికే దొరికే చిన్న లాంచర్ ప్రోగ్రామొకటి అతనికి తెలుసు. రెండు మీటలు కలిపి నొక్కితే తెర మధ్యలో చిన్న పెట్టె వస్తుంది. అందులో ఏ ప్రోగ్రాము పేరు కొడితే అది తెరుచుకుంటుంది. దాన్ని మూడు జట్లుగా విడగొట్టాడు. ఒక జట్టు పిలిస్తే ఆ పనికి కావాల్సినవే తెరుచుకుంటాయి, మిగతావన్నీ మూసుకుపోతాయి. ఉత్తరాల ప్రోగ్రాము నేరుగా ఆ కంపెనీ ఫోల్డర్లోనే లేస్తుంది. తెర పైన పట్టీ ఒకదానికి నీలం, ఒకదానికి పసుపు, ఒకదానికి ఎరుపు.

"జట్లకి ఏం పేర్లు పెట్టమంటావు పిన్నీ?"

"పేరు ఎందుకు?"

"ఆ మాట కొడితేనే ఆ పని తెరుచుకుంటుంది. నీకు గుర్తుండే మాట చెప్పు."

విమ్లా కాసేపు ఆలోచించింది. "నీళ్లు" అంది. తర్వాత "కరెంటు." ఇన్సూరెన్స్ దగ్గర ఆగి, ఉన్నట్టుండి నవ్వేసింది. "దెబ్బ! చిన్నప్పుడు పడిపోయి వస్తే మా అవ్వ అదే అడిగేది, దెబ్బ ఎక్కడ అని."

ఇంగ్లిషు అక్షరాల్లో ఆ మూడు మాటలూ పెట్టాడు. ఇంకో చిన్న పని కూడా చేశాడు. ఏది ఎప్పుడు తెరిచారో, ఒక పని నుంచి ఇంకో పనికి మారడానికి ఎంతసేపు పట్టిందో లాంచర్ ఒక ఫైల్లో రాసుకునేలా అమర్చాడు. ఎక్కువగా వాడేవి జాబితాలో పైకి రావాలన్నా, ఆవిడ ఎక్కడ ఆగిపోతోందో తెలియాలన్నా ఆ వివరం ఉండాలి. అది తప్పని అతనికి తోచలేదు. తోచాల్సిన కారణమూ లేదు.

మొదటి వారం విమ్లా భయం భయంగా కొట్టింది. రెండో వారానికి చూడకుండా కొట్టింది. నెల తిరిగేసరికి ఒక్క తప్పూ లేదు. కొబ్బరిపాలు పోసి వండిన చేప గిన్నెలో పెట్టి తెచ్చి, "ఇది నీకు కాదు, కుసుమ్‌కి" అని ఇచ్చింది. కుసుమ్ సుబ్రమణి భార్య. అప్పుడు నాలుగో నెల.

యోగేంద్ర ఒకరోజు ఆవిడ వెనక నిలబడి చాలాసేపు చూశాడు. "ఇది ఎవరు చేశారు?" అని అడిగాడు. విమ్లాయే గర్వంగా సుబ్రమణి వైపు వేలు చూపించింది. సుబ్రమణి ఉత్సాహంగా అన్నీ చెప్పాడు, ఆ ఫైలు సంగతితో సహా. పదిహేను రోజుల్లో అందరి కంప్యూటర్లలోనూ అది ఎక్కింది. తలుపు దగ్గర కూర్చునే లితియా ఐతౌకేయ్ అమ్మాయి, అంటే ఫిజీ మూలవాసుల పిల్ల. ఆమె కూడా "దెబ్బ" అంటూ నవ్వుతూ కొట్టేది. అందరూ మూడు పనులూ నేర్చుకోవడం మొదలుపెట్టారు, నేర్పింది విమ్లా. సుబ్రమణికి ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కూడా ఆవిడే.

లాంచర్ పెట్టిన నాలుగో నెలలో ఒక మంగళవారం ఉదయం యోగేంద్ర సుబ్రమణిని గదిలోకి పిలిచి తలుపు మూశాడు. బల్ల మీద ఒక చార్టు ఉంది. పద్దెనిమిది పేర్లు, పేరు పక్కన గీత. మెల్‌బోర్న్‌లో ఉన్న పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చిందట. ఒక్కొక్కరు మూడు పనులూ చేస్తున్నప్పుడు ఇంతమంది అక్కర్లేదు, ఆరుగురు చాలు. గీత పొట్టిగా ఉన్న ఆరుగురూ ఉంటారు. అందరికంటే పొడుగు గీత విమ్లాది.

"ఈ గీతలు ఎక్కడివి?" అని అడిగాడు సుబ్రమణి, తెలిసి కూడా.

"నీ ఫైల్లోవే. పని మార్చడానికి ఎవరికి ఎంతసేపు పడుతుందో అందులో చక్కగా ఉంది."

"అది ప్రోగ్రాములు వరసలో పెట్టడానికి పెట్టుకున్నది సార్. మనుషుల్ని కొలవడానికి కాదు. ఆవిడ నాలుగు సెకన్లు ఆలస్యంగా మారుస్తుంది, నిజమే. కానీ ఆవిడతో మాట్లాడిన మనిషి అదే విషయానికి మళ్లీ ఫోన్ చెయ్యడు. అది ఫైల్లో లేదు."

"లేదు. ఫైల్లో లేనిదాన్ని నేను మెల్‌బోర్న్‌కి ఎలా పంపేది?"

"ఆవిడ పేరు తీసెయ్యండి."

యోగేంద్ర చెడ్డవాడేమీ కాదు. అలసిపోయినట్టున్నాడు. చార్టు సుబ్రమణి వైపు తిప్పి, చేతికి పెన్ను ఇచ్చాడు. "తీస్తాను. పన్నెండు మంది వెళ్లాలి. ఆవిడ బదులు వెళ్లేది ఎవరో ఈ ఆరుగురిలో నువ్వే చెప్పు."

సుబ్రమణి ఆ ఆరు పేర్లూ చదివాడు. నాలుగోది లితియాది. ఆమెకి ఇద్దరు పిల్లలు, మొగుడు లేడు. రెండోది తనది. ఆ పేరు నోటిదాకా వచ్చింది. ఇల్లు గుర్తొచ్చింది, కుసుమ్ గుర్తొచ్చింది, తుఫానుకి పైకప్పు లేచిపోయిన తండ్రి ఇల్లు గుర్తొచ్చింది. పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"శుక్రవారం దాకా ఇది బయటికి పోకూడదు" అన్నాడు యోగేంద్ర.

బుధవారం విమ్లా లంచ్‌లో పక్కనే కూర్చుని, తన డబ్బాలోని రౌరౌ, అదే చేమాకు కూర, సగం అతని పొట్లంలో వేసింది. "ఏం, మాట్లాడవు? ఒంట్లో బాగోలేదా?" అంది. తలనొప్పి అన్నాడు. గురువారం భగవతి అనే కొత్తమ్మాయికి లాంచర్ నేర్పుతూ, "దీన్ని చేసింది మా సుబ్రమణి. నా ఉద్యోగం నిలబెట్టింది ఇదే" అని చెప్పడం అతను తన కుర్చీలోంచి విన్నాడు. లేచి బాత్రూమ్‌లోకి వెళ్లి, కుళాయి తిప్పి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

శుక్రవారం కాగితాలు ఇచ్చారు. విమ్లా కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. కుర్చీలో దిండు, కప్పు, బల్ల మీది లక్ష్మి పటం సంచిలో పెట్టుకుంది. బయట సువా వాన దంచి కొడుతోంది. మెట్ల దగ్గర సుబ్రమణి ముఖం చూసి ఆగింది.

"ఏడవకు రా. నీది ఉంది కదా, అదే చాలు. కుసుమ్‌ని బాగా చూసుకో."



ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి నౌసోరి వెళ్లాడు. రేవా నది వంతెన దాటేదాకా దిగి వెనక్కి పోదామనే అనుకున్నాడు. లచ్మన్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని రేడియో వింటున్నాడు. విమ్లా సంతోషంగా లేచి, నిమ్మాకు వేసి టీ పెట్టింది. "నువ్వొక్కడివే వచ్చావు నన్ను చూడటానికి" అంది.

టీ సగం తాగాక మొత్తం చెప్పాడు. ఫైలు, చార్టు, గీతలు, పెన్ను. తన పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం కూడా దాచలేదు.

విమ్లా రేడియో కట్టేసింది. "నీకు ఏ రోజు తెలిసింది?"

"మంగళవారం."

"బుధవారం నా చేతి కూర తిన్నావు."

"తిన్నాను పిన్నీ."

"నీ పేరు చెప్పలేదని నేను తప్పుపట్టను. నేనైనా చెప్పను. ఫైలు అన్నావు, అదీ నాకోసమే పెట్టావు. సరే." ఆవిడ గొంతు పెరగలేదు. "కానీ గురువారం నేను ఆ అమ్మాయికి నీ గురించి చెప్తుంటే విన్నావు కదా? నాకు కనిపించావు. నేను అలా చెప్తుంటే ఎట్లా కూర్చున్నావు?"

అతను టీ కప్పు కింద పెట్టాడు.

"వెళ్లు" అంది.

"టీ తాగనీ" అన్నాడు లచ్మన్.

"తాగాడు."

ఆ తర్వాత ఆవిడ అతనితో మాట్లాడలేదు. రెండు సూపర్‌మార్కెట్లలో అడిగిందని, ఒకచోట పెట్టుకుని పది రోజులకే వద్దన్నారని లితియా చెప్పింది. కౌంటర్ మీది తెర ఆవిడకి అర్థం కాలేదట. సుబ్రమణి వెళ్లి దాన్నీ సర్దిపెట్టగలడు. ఏ ముఖంతో వెళ్తాడు? లచ్మన్ రెండో కాలికి పుండు పడింది. మరుసటి వానాకాలంలో పోయాడు. అంత్యక్రియలు అయిపోయిన నాలుగు రోజులకి సుబ్రమణికి తెలిసింది. చొక్కా మార్చుకుని గుమ్మం దాకా వచ్చి, మళ్లీ లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"వెళ్లు. ఆవిడ తిడితే తిట్టనీ" అంది కుసుమ్, చంకలో పాపతో.

"తిట్టదు. అందుకే వెళ్లలేను" అన్నాడు.

ఆఫీసులో ఆరుగురు పద్దెనిమిది మంది పని చేసేవాళ్లు. కొన్నాళ్లకి ఆ పనంతా మనీలా పంపిస్తున్నామని కబురు వచ్చింది. లాంచర్ ఎలా అమర్చాలో అక్కడివాళ్లకి రాసి ఇమ్మని సుబ్రమణికే చెప్పారు. కాదనవచ్చు. కాదంటే రాసేవాడు ఇంకొకడు ఉంటాడు. రాశాడు. ఒక్క మెట్టూ వదలకుండా, బొమ్మలతో సహా ముప్ఫై పేజీలు. విమ్లా పెట్టిన మూడు మాటలూ తీసేసి, వాటి చోట ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెట్టమన్నారు. అదీ చేశాడు. మనీలా నుంచి ఒకావిడ వీడియోలో పాఠం చెప్పించుకుని, చాలా మర్యాదగా, చాలా త్వరగా నేర్చుకుని, ఇంత మంచి సాధనం ఎలా తట్టింది మీకు అని అడిగింది. "ఒకరి కష్టం చూసి" అన్నాడు. "చాలా బాగుంది" అంది ఆవిడ.

డిసెంబరులో మూడో అంతస్తు ఖాళీ అయింది.

సువాలో ఆరు నెలలు వెతికాడు. కంప్యూటర్ పని దొరక్కపోలేదు. ఇంటర్వ్యూకి పిలిస్తే వెళ్లి, కుర్చీలో కూర్చుని, మీరు ఇంతకుముందు ఏం మెరుగుపరిచారు అని అడగ్గానే లేచి వచ్చేసేవాడు. మూడోసారి అలా జరిగాక కుసుమ్ సామాను సర్దింది. రాకిరాకికి, తండ్రి దగ్గరికి వెళ్లిపోయారు.

అక్కడ రామ్ ప్రసాద్ అనే ఆయన హార్డ్‌వేర్ కొట్టు ఉంది. మనిషి కావాలని తెలిసి వెళ్లాడు.

"సువాలో ఆఫీసులో చేశావట కదా. కంప్యూటర్ వచ్చా?" అని అడిగాడు రామ్ ప్రసాద్. "నా కూతురు ఒకటి కొనిపెట్టింది. సరుకుల పని ఒకటి, ఆర్డర్ల పని ఒకటి, అంతా కలిసిపోయి నాకు పిచ్చెక్కుతోంది. కాస్త సర్దిపెట్టేవాడు దొరికితే బాగుండు."

ఆయన వెనక, చీకటిగా ఉన్న గదిలో, దుమ్ము పడకుండా గుడ్డ కప్పిన తెర కనిపిస్తోంది.

"రాదు" అన్నాడు సుబ్రమణి.

రామ్ ప్రసాద్ అతన్ని ఒకసారి పైకీ కిందికీ చూశాడు. "సరే, బరువులు ఎత్తగలవా?"

"ఎత్తగలను."

వెనక యార్డులో లారీ వచ్చి ఆగింది. సుబ్రమణి చొక్కా చేతులు మడిచి, సిమెంటు బస్తాలు దింపడానికి వెళ్లాడు.